పొద్దున్నే ఆకాశం పొట్టిగా ఉంటుంది

ప్రశ్న: నా వయసు 64. రిటైరై నాలుగేళ్లయింది. తెల్లవారుజామున 5 గంటలకల్లా లేచి గంటసేపు నడవడం ముప్పై ఏళ్ల అలవాటు. ఆ వేళ గాలి స్వచ్ఛంగా ఉంటుందనీ, ఆక్సిజన్ ఎక్కువనీ చిన్నప్పటి నుంచి విన్నాను, పదిమందికీ చెప్పాను. ఈ చలికాలం మా అబ్బాయి నా ఫోన్‌లో గాలి నాణ్యత చూపించే యాప్ పెట్టాడు. రోడ్డు మీద ఒక్క బండీ లేని వేళ అందులో 210, 230 చూపిస్తోంది (అంకె ఎంత పెరిగితే గాలి అంత చెడ్డదట). మధ్యాహ్నం మూడింటికి వాహనాలు కిటకిటలాడుతుంటే 90. యాప్ తప్పా, నేను తప్పా? కిటికీలు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అని ఇంట్లో రోజూ వాదనే. గాలి వీస్తే కాలుష్యం పోతుందంటారు, పోయి ఎక్కడికి చేరుతుంది? "పగలు కనపడని పొగ రాత్రయ్యేసరికి ఎక్కడి నుంచి వస్తుంది తాతయ్యా?" అని ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు అడిగితే నోరు తెరిచి చూశాను. అసలు నడక మానేయాలా?

జవాబు: చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. నడక మానకండి, వేళ మార్చండి. యాప్ మీద కోపం వద్దు, అది చాలావరకు నిజమే చెబుతోంది. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న మీ మనవరాలిది. దానికి జవాబు దొరికితే కిటికీల గొడవ, నడక వేళ వాటంతట అవే తేలిపోతాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

పొగ రాత్రి ఎక్కడి నుంచో ఊడిపడదు. పగలు కూడా మన నెత్తి మీదే ఉంటుంది, కాకపోతే కిలోమీటరు, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తు వరకు పరుచుకుని పలచబడి ఉంటుంది. రాత్రి వదిలే పొగకు అంత చోటు దొరకదు. నేల నుంచి నూరో, నూటయాభయ్యో మీటర్ల లోపలే, ఒక్కోసారి అంతకంటే తక్కువలోనే, సర్దుకోవాలి. చెంచాడు సిరా బకెట్టు నీళ్లలో కలిపితే కనిపించీ కనిపించనట్టు ఉంటుంది, గ్లాసుడు నీళ్లలో కలిపితే నల్లగా కనిపిస్తుంది. మీరు ఐదింటికి నడిచేది గ్లాసులో.

రాత్రి చోటు ఎందుకు తగ్గుతుందో చెప్పాలంటే గాలి ఎలా వేడెక్కుతుందో చూడాలి. సూర్యుడు పైన ఉన్నాడు కాబట్టి గాలి పైనుంచి వేడెక్కుతుందనుకుంటాం. నిజానికి గాలికి వేడి ఎక్కువగా అడుగు నుంచే అందుతుంది. ఎండలో ఎక్కువ భాగం గాలిలోంచి దూసుకొచ్చి నేలను వేడి చేస్తుంది, నేల తనను ఆనుకున్న గాలిని వేడి చేస్తుంది. స్టవ్ మీద గిన్నెకు మంట అడుగున ఉన్నట్టే. కొండ ఎక్కుతుంటే సూర్యుడికి దగ్గరవుతున్నా చలి పెరిగేది ఇందుకే. ఉష్ణోగ్రత సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున తగ్గుతూ పోతుంది.

వేడెక్కిన గాలి వ్యాకోచించి, తేలికై, పైకి లేస్తుంది. దాని చోటులోకి పైనుంచి చల్లగాలి దిగుతుంది. మధ్యాహ్నం పూట గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ ఎంతో ఎత్తుకు పోవడం చూసే ఉంటారు. ఇలా లేచే గాలే వాటికి నిచ్చెన. మీ వీధిలో బండ్లు వదిలిన పొగ కూడా అదే నిచ్చెన ఎక్కి పోతుంది. మరి తెల్లవారుజామున గద్ద అలా తేలుతూ ఎక్కడం ఎప్పుడైనా చూశారా? ఆ వేళ నిచ్చెన వేసి ఉండదు.

పొద్దు కుంకితే పొయ్యి ఆరినట్టే. నేల తన వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పైకి వదిలేస్తూ గాలి కంటే త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. తెల్లవారేసరికి అడుగున చల్లటి బరువైన గాలి, దాని మీద కాస్త వెచ్చటి తేలికైన గాలి. పగటి వరస తలకిందులైంది. దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు, వాతావరణం చదివినవాళ్లు మాటల్లో ఇన్వర్షన్ అనేస్తారు. బరువైనది కిందా తేలికైనది పైనా ఉన్నాక గాలి పైకీ కిందికీ కదలదు, పొగకు మూత పడుతుంది. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉండే పొడవాటి చలికాలపు రాత్రుల్లో ఈ మూత గట్టిగా బిగుస్తుంది. మబ్బు పట్టిన రాత్రి నేల వదిలిన వేడిలో కొంత మేఘాలు తిరిగి కిందికి పంపుతాయి కాబట్టి కాస్త వదులుగా ఉంటుంది.

మూతను కంటితోనే చూడొచ్చు. చలికాలం తెల్లవారుతుండగా ఎక్కడైనా ఎండుటాకులు తగలబెడుతుంటే (తగలబెట్టకూడదు, అది వేరే సంగతి) కాస్త దూరంగా నిలబడి చూడండి. పొగ తాడు వేలాడదీసినట్టు నిటారుగా లేస్తుంది. రెండు మూడంతస్తుల ఎత్తుకు వెళ్లి, గాజు పలకకు తగిలినట్టు ఆగి, అక్కడి నుంచి అడ్డంగా సాగుతుంది. చూస్తుండగానే పలచటి బూడిదరంగు పొరలా పరుచుకుంటుంది. ఆ పొర పైన చెట్ల కొసలు, మేడల పై అంతస్తులు తేటగా కనిపిస్తాయి. పదిన్నరకు అదే చోట అవే ఆకుల పొగ వంకర్లు తిరిగి, ముక్కలై, ఎటు పోయిందో తెలియకుండా పోతుంది.

లెక్క వేస్తే, చోటు 1500 మీటర్ల నుంచి 150 మీటర్లకు తగ్గితే అంతే పొగకు చిక్కదనం పది రెట్లవ్వాలి. మీ యాప్‌లో రెండున్నర రెట్లే ఉంది కదా అంటారేమో. రాత్రి పుట్టే పొగ తక్కువ, అది ఒక కారణం. రెండోది, ఆ అంకె గాలిలోని దుమ్ము బరువు కాదు. దుమ్ము, ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి కొన్నింటిని కొలిచి, వాటిలో ఏది ఎక్కువ హానికర స్థాయిలో ఉంటే దాని ప్రకారం ఇచ్చే మార్కు. ఈ మార్కుల పద్ధతి ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. పైగా చాలా చోట్ల దాన్ని 24 గంటల సగటు మీద కడతారు, కొన్ని యాప్‌లు గత కొద్ది గంటలకు ఎక్కువ విలువ ఇస్తాయి. సగటు తీస్తే ఎత్తుపల్లాలు చదునవుతాయి. చలిలో, తేమలో మరో చిక్కు ఉంది. చవక పరికరాలు చాలావరకు గాలిలోకి కాంతి పంపి, రేణువుల మీద పడి ఎంత చెదిరిందో చూసి లెక్క కడతాయి. మంచు పట్టిన వేళ రేణువులు తేమ పీల్చి ఉబ్బుతాయి, పరికరం కాస్త ఎక్కువ చూపిస్తుంది. అందుకని ఏ ఒక్క అంకెనూ పట్టుకుని టెన్షన్ పడకండి. రోజంతా ఆ అంకెలతో గీసే గ్రాఫు గీత ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది అన్నది చూడండి. నాకైతే అంకె కంటే గీత మీదే నమ్మకం.

గీత గమనిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఐదింటికంటే ఏడు నుంచి తొమ్మిది మధ్య మరీ చెడ్డగా ఉండే రోజులుంటాయి. మూత ఇంకా తెరుచుకోలేదు, బండ్లు మాత్రం రోడ్డెక్కాయి. పొడవాటి పొగగొట్టాలున్న చోట ఇంకో మెలిక. రాత్రంతా వాటి పొగ మూత పైన పోగవుతుంది, కింద ఉన్నవాళ్లకు దాని సంగతే తెలియదు. పొద్దెక్కి నేల వేడై గాలి చిలకడం మొదలయ్యాక, పైన ఆగిన పొగ ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఎండ వచ్చాక ఘాటు పెరిగిందేమిటా అని జనం ఆశ్చర్యపోయేది ఇలాంటప్పుడే. మరికాసేపటికి చోటు పెరిగి అంతా పలచబడుతుంది.

మూత రోజుల తరబడి తెరుచుకోకపోతే ఏమవుతుందో 1952 డిసెంబరులో లండన్ చూసింది. నగరం మీద అధిక పీడనం తిష్ఠవేసింది. అలాంటప్పుడు పైగాలి మెల్లగా కిందికి దిగుతూ, ఒత్తిడికి వేడెక్కుతుంది. రాత్రి చలికి పడిన మూత మీద ఇంకో మూత అన్నమాట. గాలి ఆడదు, చలికి ప్రతి ఇంట్లో బొగ్గు మండుతోంది. 5వ తేదీ నుంచి 9వ తేదీ వరకు ఎదుటి మనిషి కనిపించనంత చిక్కటి పొగమంచు. నాటకశాలలోకి కూడా చొరబడి, వేదిక కనిపించక ప్రదర్శన మధ్యలో ఆపేశారు. అప్పట్లో సుమారు 4,000 మంది చనిపోయారని లెక్క తేలింది, తర్వాతి అంచనాలు 12,000 దాకా వెళ్లాయి. ఆ ఐదు రోజుల్లో లండన్ జనం కాల్చిన బొగ్గు మామూలు చలికాలం కంటే ఎన్నో రెట్లేమీ కాదు, పొగ పోయే దారే మూసుకుపోయింది. 9వ తేదీన పడమటి గాలి వీచాక గానీ విడవలేదు. నాలుగేళ్లకు, 1956లో, బ్రిటన్ స్వచ్ఛమైన గాలి చట్టం తెచ్చింది.

మూత లేని వేళైనా ఆకాశం మనం అనుకునేంత లోతేమీ కాదు. గాలి సముద్రం అడుగున మునిగి బతుకుతున్నాం అని 1644లో ఒక ఉత్తరంలో రాశాడు, గాజు గొట్టంలో పాదరసం నింపి, గాలి పీడనం కొలిచే బారోమీటర్ చేసిన ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి. నాలుగేళ్ల తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ తన బావ పెరియే చేత ఆ గొట్టాన్ని ఫ్రాన్స్‌లోని పుయ్ ద దోమ్ కొండ మీదికి మోయించాడు. శిఖరం మీద పాదరసం దాదాపు 8 సెంటీమీటర్లు దిగింది. పైకి పోయేకొద్దీ నెత్తి మీద గాలి తగ్గుతుందని తేలిపోయింది. సముద్రమట్టం దగ్గర ఒక చదరపు మీటరు నేల మీద నిలిచే గాలి బరువు సుమారు 10 టన్నులు. అందులో సగం మొదటి ఐదున్నర కిలోమీటర్లలోనే ఉంది. మీరు పొద్దున గంటలో నడిచే దూరాన్ని నిలువుగా నిలబెడితే, ఆ చివర సగం గాలి మీ కాళ్ల కిందే ఉంటుంది.

గాలి ఎక్కడికి మోసుకుపోతుందని అడిగారు. వీచే గాలికి కూడా మూలం ఎండే. ఒకచోట నేల ఎక్కువ వేడెక్కుతుంది, ఇంకోచోట తక్కువ. దాంతో పీడనాల్లో తేడా వస్తుంది. ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనం వైపు గాలి కదులుతుంది. భూమి తిరుగుతుండటం వల్ల తిన్నగా పోకుండా పక్కకు ఒరుగుతుంది, ఉత్తరార్ధగోళంలో కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకు. భూమి చుట్టూ ఏడాది పొడవునా వీచే వ్యాపార పవనాలు ఎందుకలా వంకరగా వీస్తాయో భూభ్రమణంతో ముడిపెట్టి 1735లో వివరించింది ఇంగ్లండ్‌కు చెందిన జార్జ్ హాడ్లీ. వృత్తికి లాయరు.

మీ వీధి వరకు చూస్తే గాలి రెండు పనులు చేస్తుంది. పొగను పక్కకు తోసుకుపోతుంది. పొగ పుట్టే జోరు అంతే ఉండి గాలి వేగం రెట్టింపయితే చిక్కదనం దాదాపు సగమవుతుంది. రెండోది, మేడలకూ చెట్లకూ తగిలి సుళ్లు తిరుగుతూ పై పొరనూ కింది పొరనూ కలిపి మూతను చెదరగొడుతుంది. తోసుకుపోయిన పొగ మాయమైపోదు, గాలివాలున ఉన్నవాళ్ల ముక్కు దాకా పోతుంది. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లయితే తమ పొగనే రెండోసారి పీలుస్తారు. రాత్రి నేల మీది గాలి సముద్రం వైపు వీస్తూ పొగను మోసుకెళ్తుంది, మర్నాడు సముద్రపు గాలి అందులో కొంత వెనక్కి తెచ్చిస్తుంది. పెద్ద దుమ్ము కణాలు గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో నేల రాలతాయి. సన్నటి రేణువులు రోజుల తరబడి, వారం దాకా కూడా తేలుతూనే ఉంటాయి. సహారా ఎడారి దుమ్ము అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవి మీద పడుతుంది. అందులోని ఫాస్ఫరస్ అక్కడి చెట్లకు ఎరువు కూడాను.

ఊపిరితిత్తులకు ఎక్కువ ముప్పు ఈ సన్నటి రేణువుల వల్లే. 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే చిన్నవి. మీ యాప్‌లో పీఎం 2.5 అని ఉండేది ఇవే. తల వెంట్రుక మందం వీటికి ఇరవై, ముప్పై రెట్లుంటుంది. కిటికీలోంచి పడే ఎండలో మెరుస్తూ ఆడే దుమ్ము ఇది కాదు. దాన్ని చాలావరకు ముక్కే ఆపేస్తుంది. ఇవి ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి తిత్తుల దాకా వెళ్తాయి. ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. యాప్‌లో మార్కు పక్కన ఈ మైక్రోగ్రాముల అంకె కూడా సాధారణంగా ఉంటుంది, దాన్నే చూడండి.

తెల్లవారుజామున ఆక్సిజన్ ఎక్కువన్న మాట ఇక వదిలేయండి. గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ దాదాపు 21 శాతం. నేల మీద ఏ వేళ కొలిచినా, ఏ వీధిలో కొలిచినా అంతే. చెట్లు రాత్రి పీల్చుకునే ఆక్సిజన్‌తో ఈ లెక్కలో మీకు తెలిసేంత మార్పు రాదు. పొద్దున్నే హాయిగా అనిపించేది చల్లదనం, చప్పుడు లేకపోవడం. ఆ సుఖం నిజమే, కాదనను. ఇక 'పొద్దుటి గాలి స్వచ్ఛం' అన్న మాట, చుట్టుపక్కల పొగ పెద్దగా పుట్టని చోట ఇప్పటికీ నిజమే. మూత కింద పోగవడానికి ఏమీ లేనప్పుడు మూత ఉన్నా ఏం?

ఇప్పుడు నడక. చలికాలంలో తొమ్మిదిన్నర, పది దాటాక వెళ్లండి, లేదంటే మధ్యాహ్నం మూడున్నర నుంచి పొద్దు కుంకే లోపు. సూర్యాస్తమయం దాటితే మూత మళ్లీ పడటం మొదలవుతుంది, సాయంత్రం బండ్ల రద్దీ కూడా అప్పుడే. ఊరికే కూర్చుంటే మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. చురుగ్గా నడిస్తే అది మూడు నాలుగు రెట్లవుతుంది, కాబట్టి వేళ మార్చడం వల్ల మీకు దక్కే లాభం చిన్నదేమీ కాదు. పెద్ద రోడ్డు వెంబడి నడవకండి. రోడ్డుకు నూరు, రెండొందల మీటర్లు లోపలికి జరిగితే బండ్ల పొగ బాగా తగ్గిపోతుంది. రాత్రంతా గాలి వీచిన రోజు, వాన వెలిసిన మర్నాడు, యాప్‌లో గీత కింద ఉంటే మీ పాత వేళకే నిరభ్యంతరంగా వెళ్లండి. తప్పనిసరిగా పొగలో తిరగాల్సి వస్తే ముఖానికి అతుక్కుని ఉండే ఎన్95 మాస్కు పనికొస్తుంది. అది సన్నటి రేణువులను 95 శాతమైనా ఆపుతుంది, వాయువులను మాత్రం ఆపలేదు. గుడ్డ మాస్కు ఈ రేణువులకు పెద్దగా అడ్డం కాదు. ఆయాసమో గుండె జబ్బో ఉంటే నడక వేగం సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి.

వేసవిలో ఈ సలహా కొంత తిరగబడుతుంది. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిర్ల లాంటివి కలిసి మండుటెండలో ఓజోన్‌గా మారతాయి. లాస్ ఏంజెలెస్‌లో కళ్లు మండించే పొగ వెనక ఈ తయారీ ఉందని 1950ల మొదట్లో కనిపెట్టినవాడు హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. ఓజోన్‌కు రబ్బరు పగుళ్లు ఇస్తుంది. అప్పట్లో రబ్బరు ముక్కలు గాలిలో ఉంచి, పగుళ్లను బట్టి ఓజోన్ ఎంతుందో అంచనా వేసేవారు. ఇరవై, ముప్పై కిలోమీటర్ల ఎత్తున అతినీలలోహిత కిరణాలకు అడ్డుగా నిలిచే ఓజోనే ఇది. ముక్కు దగ్గరికొస్తే మాత్రం ఊపిరితిత్తులకు చేటు. దీని గీత మధ్యాహ్నమే శిఖరానికి చేరుతుంది కాబట్టి ఎండాకాలం పొద్దుటి నడకే మేలు.

కిటికీల తగవులో ఇద్దరిదీ సగం సగం న్యాయం. చలికాలం రాత్రీ, తెల్లవారుజామునా మూసి ఉంచండి. పదకొండు నుంచి నాలుగు దాకా ఎదురెదురు కిటికీలు బార్లా తెరవండి. కానీ వంటింట్లో పొగ వచ్చినప్పుడు, దోమల చుట్ట వెలిగించినప్పుడు బయటి అంకె ఎంతున్నా కాసేపు తెరవాల్సిందే. మూసిన గదిలో ఆ పొగకు దొరికేది పది అడుగుల ఎత్తే, రోడ్డు మీది మూత కంటే ఎంతో కింద.

మీ మనవరాలికి మాటల్లో చెబితే సగమే ఎక్కుతుంది. ఒకే సైజు గాజు సీసాలు నాలుగు తీసుకోండి. రెండింట్లో సిరా కలిపిన వేడినీళ్లు, రెండింట్లో చల్లటి మంచినీళ్లు అంచు దాకా నింపండి. చల్లటి సీసా మూతికి అట్టముక్క అడ్డుపెట్టి, వేడినీళ్ల సీసా మీద బోర్లించి, అట్ట లాగేయండి. సిరా క్షణాల్లో రెండు సీసాల్లోకీ పాకుతుంది, అది మధ్యాహ్నం. రెండో జతలో వేడి సీసాను పైన, చల్లటిదాన్ని కింద పెట్టి అట్ట లాగండి. రంగు పైనే గీత గీసినట్టు నిలిచిపోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, సిరా పొగ అనుకుంటే ఏ జత తెల్లవారుజామో ఆమెనే చెప్పమనండి. నీళ్లు మరీ మరిగినవి వాడకండి, సీసా పగులుతుంది. కింద ఒక పాత బేసిన్ పెట్టుకోండి, మొదటిసారి అట్ట లాగినప్పుడు కచ్చితంగా ఒలుకుతాయి.